పెరటిలో ఇంద్రధనుస్సు: ఐరిస్ పూల పెంపకం, సంకరణం

మే నెల వచ్చిందంటే అమెరికాలోని తెలుగువారి పెరళ్ళలో సందడి మొదలవుతుంది. గోంగూర గింజలు మట్టిలో పడతాయి. బీర, సొర పాదులకు పందిళ్ళు లేస్తాయి. చలికాలమంతా కిటికీ ప్రక్కన పసిబిడ్డలా కాపాడుకున్న కరివేపాకు కుండీ మళ్ళీ ఎండ మొగం చూస్తుంది. మనం మాతృదేశం నుండి తలపులతోపాటు తెచ్చుకున్న మొక్కలన్నిటికీ ఈ దేశపు చలి పగదే. ఆ చలి లేనిదే సరిగా పూయని మొక్క ఒకటి సరిగ్గా అదే మే నెలలో ఇరుగుపొరుగు ఇళ్ళ ముందు రంగురంగుల రేకులు విప్పి నిలబడి ఉంటుంది. అదే ఐరిస్. రోజూ చూస్తూనే ఉన్నా దాని సంగతి మనలో చాలామందికి తెలియదు.

ఐరిస్‌ను పెంచడానికి పెద్దగా శ్రమ అక్కరలేదు. అంతకంటే విశేషమేమిటంటే, ఐరిస్‌లో ఇంతవరకు లోకంలో లేని కొత్త రకాన్ని పుట్టించడం సామాన్య గృహస్థుకు కూడా సాధ్యమే. అందుకు ప్రయోగశాల అవసరం లేదు. ఒక చిన్న పట్టకారు, నాలుగు పేరు చీటీలు, ఒక నోటు పుస్తకం, రెండు మూడేళ్ళ ఓర్పు ఉంటే చాలు. ఈ ఓర్పు విషయమే అసలు కీలకం. మనం కోరిన గుణం మొదటి తరంలో కనిపించకపోవచ్చు. కనిపించలేదని ఆ మొక్కను పీకి పారవేసినవాడు దానిలో దాగి ఉన్న గుణాన్ని కూడా పారవేసినట్లే. అది ఎందుకో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

విత్తు, కొమ్ము

"విత్తొకటి పెడితే చెట్టొకటి మొలుస్తుందా?" అని మన సామెత. మామిడి తోటలు పెంచేవారికి ఈ సామెత సగమే నిజమని తెలుసు. బంగినపల్లి టెంక నాటితే మామిడి చెట్టే మొలుస్తుంది. కాని దాని కాయ అచ్చమైన బంగినపల్లి కానక్కరలేదు. తల్లిచెట్టు గుణాలతోబాటు, ఎక్కడినుండో ఈగ మోసుకువచ్చిన పుప్పొడి గుణాలు కూడా ఆ టెంకలో చేరి ఉంటాయి. అందుకే మనవారు అంటు కడతారు.

ఐరిస్‌కు కూడా ఇలాగే రెండు దారులున్నాయి. నేల మట్టాన అడ్డంగా పాకే లావైన కాండం ఒకటి ఉంటుంది. చూడడానికి అల్లం కొమ్మును పోలి ఉంటుంది. దీనిని ముక్కలు చేసి నాటితే తల్లి మొక్కే మళ్ళీ మొలుస్తుంది. రంగు, ఎత్తు, సువాసన ఏదీ మారదు. ఇది అంటు వంటిది. గింజ నాటితే మాత్రం ఏ రెండు మొక్కలూ ఒకే తీరుగా ఉండవు. ఉన్నదానిని నిలుపుకోవడానికి కొమ్ము, లేనిదానిని సాధించడానికి గింజ అని గుర్తుంచుకుంటే చాలు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఐరిస్ కొమ్ము అల్లంలా కనిపించినా తినదగినది కాదు. నోట పెట్టుకుంటే నోరు, గొంతు మండి వాంతులు కావచ్చు. తవ్వి తీసిన కొమ్ములను వంటింటి గట్టు మీద పెట్టకూడదు. పసిపిల్లలకు, పెంపుడు జంతువులకు అందకుండా చూసుకోవాలి.

పేరు, పుట్టుపూర్వోత్తరాలు

గ్రీకు పురాణాలలో ఇంద్రధనుస్సుకు అధిదేవత ఐరిస్. ఆమె దేవతల సందేశాలను మోసుకువెళ్ళే దూతిక కూడా. ఈ పూలలోని రంగుల వైవిధ్యాన్ని బట్టి ఆ పేరు వచ్చింది. ఉత్తరార్ధగోళపు సమశీతోష్ణ ప్రాంతాలలో 250కి పైగా ఐరిస్ జాతులున్నాయి. మన దేశంలో హిమాలయాలలోను, కాశ్మీరంలోను ఇవి పెరుగుతాయి. కాశ్మీరంలో సమాధుల మీద ఐరిస్ నాటే ఆచారం ఉంది. దక్షిణాదిన తగినంత చలి లేనందువల్ల తెలుగు నేలకు ఇది పరిచయం లేని పువ్వుగానే మిగిలింది. చిత్రకారుడు వాన్ గో 1889లో గీసిన ఐరిస్ పూల చిత్రాన్ని లాస్ ఏంజిలిస్‌లోని గెట్టీ మ్యూజియంలో చూడవచ్చు. టెన్నెసీ రాష్ట్రపు అధికార పుష్పం కూడా ఐరిసే.

ఇళ్ళ ముందు ఎక్కువగా కనిపించేది పొడుగు కాడ గల "గడ్డపు ఐరిస్". దీని పూర్వీకులలో రెండు యూరప్ జాతులు ముఖ్యమైనవి. లేత ఊదా రంగు పూల పాలిడా ఒకటి. పసుపు రేకులు, గోధుమ ఎరుపు చారలు గల వేరియెగాటా రెండవది. ఈ రెండింటిలోను కణానికి 24 క్రోమోజోములు ఉంటాయి. 19వ శతాబ్దం చివర కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో శరీరధర్మశాస్త్ర ఆచార్యుడైన సర్ మైకేల్ ఫాస్టర్ ఆసియా మైనర్ ప్రాంతం నుండి పెద్ద పూలు పూసే ఐరిస్‌లను తెప్పించి తన తోటలో పెంచాడు. వాటిలో 48 క్రోమోజోములు ఉన్నాయన్న సంగతి ఆనాడు ఎవరికీ తెలియదు. పాత రకాలతో వాటిని కలపగా వచ్చిన సంతతే నేటి పెద్ద ఐరిస్‌లకు మూలం.

1913లో ఐరిస్ జాతులన్నిటి మీద ప్రామాణిక గ్రంథం వెలువరించిన విలియం డైక్స్ వృత్తిరీత్యా బడిపంతులు. ఐరిస్ రంగంలో అత్యున్నత గౌరవం ఆయన పేరిట ఉన్న డైక్స్ పతకమే. అమెరికాలో 1927 నుండి ఆ పతకాన్ని ఇస్తున్నారు. ఒకరు వైద్యవిద్య నేర్పిన ఆచార్యుడు, మరొకరు బడిపంతులు. ఐరిస్ చరిత్రను మలుపు తిప్పినవారిలో చాలామందికి తోటపని తీరిక వేళల వ్యాసంగమే కావడం గమనించదగిన విషయం.

నాటే పద్ధతి

ఐరిస్ నాటడానికి తగిన కాలం జూలై మధ్య నుండి సెప్టెంబరు వరకు. నేల గడ్డకట్టడానికి కనీసం ఆరు వారాల ముందు నాటితే వేళ్ళు నిలదొక్కుకుంటాయి. రోజుకు ఆరు గంటలైనా సూటిగా ఎండ తగిలే చోటును ఎంచుకోవాలి. నీరు నిలిచే చోటు పనికిరాదు. బంకమట్టి నేల అయితే కాస్త ఎత్తుగా మడి కట్టుకోవడం మంచిది.

గుంత తవ్వి, దాని నడుమ మట్టిని చిన్న గట్టులా పేర్చాలి. ఆ గట్టు మీద కొమ్మును కూర్చోబెట్టి, వేళ్ళను ఇరువైపులకు జారవిడిచి, వేళ్ళ మీద మట్టి కప్పి గట్టిగా అదమాలి. కొమ్ము వీపు నేల మట్టానికి సమంగా, ఎండ తగిలేటట్లు ఉండాలి. మనకు అల్లం, పసుపు లోతుగా పాతడం అలవాటు. ఆ అలవాటు ఇక్కడ పనికిరాదు. లోతుగా పాతిన ఐరిస్ ఆకులు వేస్తుంది గాని పూయదు, కొన్నాళ్ళకు కుళ్ళిపోతుంది కూడా. ఎండ తీవ్రంగా ఉండే రాష్ట్రాలలో మాత్రం ఒక అంగుళం లోపు మట్టి కప్పవచ్చు. మొక్కకు మొక్కకు ఒకటిన్నర అడుగుల ఎడం ఉంచితే సరిపోతుంది.

వేళ్ళు పట్టుకునేదాకా నీరు పెట్టాలి. ఆ తరువాత పెద్దగా అవసరం ఉండదు. నత్రజని తక్కువగా ఉన్న ఎరువును వసంతారంభంలో ఒకసారి, పూత ముగిసిన నెలకు మరొకసారి మొక్క చుట్టూ చల్లితే చాలు. నత్రజని ఎక్కువైతే ఆకులు ఏపుగా పెరిగి కుళ్ళు తెగులుకు దారి తీస్తాయి. కొమ్ముల మీద చెక్కపొట్టు కప్పరాదు.

పూసే తీరులో ఐరిస్ మన అరటిని పోలి ఉంటుంది. ఒకసారి గెల వేసిన అరటి మళ్ళీ వేయదు. దాని ప్రక్కన లేచిన పిలకలే వంశాన్ని నిలుపుతాయి. అదే విధంగా ఒకసారి పూసిన ఐరిస్ కొమ్ము మళ్ళీ పూయదు. దాని ప్రక్కల నుండి వచ్చిన పిలకలు మరుసటి ఏడు పూస్తాయి. మూడు నాలుగేళ్ళకు గుబురు బాగా ఒత్తయి పూత తగ్గుతుంది. అప్పుడు వేసవిలో తవ్వి తీసి, ముసలి కొమ్ములను పారవేసి, ఆకులను ఆరంగుళాల పొడవున విసనకర్ర ఆకారంలో కత్తిరించి, పిలకలను విడివిడిగా తిరిగి నాటాలి. ఇలా తీసిన కొమ్ములు మట్టి లేకుండా రెండు వారాలు సులభంగా బ్రతికి ఉంటాయి. ఉద్యోగరీత్యా ఊళ్ళు మారే కుటుంబాలకు ఇది వెంట తీసుకుపోదగిన మొక్క. అయితే మాతృదేశానికి తీసుకువెళ్ళాలన్న ఆలోచన వద్దు. మొక్కల దిగుమతికి అనుమతి పత్రాలు తప్పనిసరి. ఒకవేళ చేరినా మన వేడిమికి అది పూయదు.

ఫ్లోరిడాలోను, గల్ఫ్ సముద్ర తీరాన ఉండేవారికి ఈ గడ్డపు ఐరిస్ అంతగా అచ్చిరాదు. వారు తేమను, వేడిని తట్టుకునే లూసియానా ఐరిస్‌లను పెంచుకోవడం మేలు.

చీడపీడలు

ఐరిస్‌కు ముఖ్య శత్రువులు రెండు. మొదటిది కాండం తొలిచే పురుగు. రాకీ పర్వతాలకు తూర్పున ఉన్న రాష్ట్రాలలో దీని బెడద ఎక్కువ. శరదృతువులో ఒక జాతి మాత్ ఎండుటాకుల మీద గుడ్లు పెడుతుంది. వసంతంలో పిల్ల పురుగులు లేత ఆకులలోకి దూరి, లోలోపలే తొలుచుకుంటూ దిగి, నడివేసవికి కొమ్మును చేరుతాయి. చలికాలం రాకముందే ఎండుటాకులన్నీ ఏరివేస్తే గుడ్లు కూడా వాటితో పోతాయి. వసంతంలో ఆకు మీద తడి చారలు కనిపిస్తే అక్కడ వ్రేళ్ళతో నొక్కితే లోపలి పురుగు చస్తుంది.

రెండవది కుళ్ళు తెగులు. ఇది బాక్టీరియా వల్ల వస్తుంది. పురుగు చేసిన గాయం దానికి రాచబాట. కొమ్ము మెత్తబడి దుర్వాసన వేస్తుంది. కుళ్ళిన భాగాన్ని గట్టి కండ తగిలేదాకా గీకివేసి ఎండకు ఆరబెట్టాలి. వాడిన కత్తిని ఒక వంతు బ్లీచికి తొమ్మిది వంతుల నీరు కలిపిన ద్రావణంలో ముంచి కడగాలి.

పువ్వు నిర్మాణం

సంకరణం చేయబోయే ముందు పువ్వు కట్టడిని తెలుసుకోవాలి. ఐరిస్ పువ్వులో మూడు రేకులు పైకి లేచి గోపురంలా నిలుస్తాయి. మూడు రేకులు క్రిందికి వాలుతాయి. వాలు రేకుల మొదట్లో నూగు కుచ్చు ఒకటి ఉంటుంది. "గడ్డం" అనేది దీనినే. ప్రతి వాలు రేకు మీదుగా చిన్న చూరులాంటి భాగం వంగి ఉంటుంది. అది కీలపు శాఖ. ఆ చూరు క్రింద ఒకే ఒక కేసరం దాగి ఉంటుంది. చూరు అంచున పల్చని పెదవి వంటి మడత ఉంటుంది. అదే కీలాగ్రం. పుప్పొడిని స్వీకరించేది ఈ పెదవి పైవైపు మాత్రమే.

తేనెటీగ వాలు రేకు మీద దిగి, తేనె కోసం చూరు క్రిందికి దూరుతుంది. లోపలికి పోయేటప్పుడు దాని వీపు మీద ఉన్న మరొక పువ్వు పుప్పొడిని ఈ పెదవి గీకి తీసుకుంటుంది. ఇంకా లోపలికి వెళ్ళాక ఈ పువ్వు పుప్పొడి వీపుకు అంటుకుంటుంది. వెనుదిరిగి వచ్చేటప్పుడు పెదవి అటువైపు మడతపడడం వల్ల సొంత పుప్పొడి దాని పైవైపుకు తగలదు. స్వపరాగసంపర్కాన్ని తప్పించుకోవడానికి ప్రకృతి చేసుకున్న ఏర్పాటు ఇది. సంకరణంలో మనం చేసేదల్లా ఆ తేనెటీగ పనిని మన ఎంపిక ప్రకారం మన చేతితో చేయడమే.

సంకరణం చేసే విధానం

తల్లి మొక్కగా ఎంచుకున్న పువ్వు అప్పుడే విచ్చుకున్న ఉదయం ఈ పనికి అనువైనది. ముందు దాని మూడు కేసరాలను, పుప్పొడి రాలకముందే పట్టకారుతో తీసివేయాలి. మూడు వాలు రేకులను కూడా త్రుంచివేయాలి. వాలడానికి అరుగు లేకపోతే తేనెటీగ రాదు. తరువాత తండ్రి మొక్క పువ్వు నుండి పుప్పొడి రాలుతున్న కేసరాన్ని పట్టకారుతో తెచ్చి, తల్లి పువ్వు పెదవుల పైవైపు మెల్లగా రుద్దాలి. పుప్పొడి తెల్లని పొడిలా అంటుకోవడం కంటికి కనిపిస్తుంది. వెంటనే కాడకు ఒక చీటీ కట్టి దాని మీద ముందు తల్లి పేరు, తరువాత తండ్రి పేరు, తేదీ వ్రాయాలి. అవే వివరాలను నోటు పుస్తకంలో కూడా ఎక్కించాలి. చీటీ వర్షానికి చెరిగిపోవచ్చు. వంశవృక్షం తెలియని మొక్క ఎంత అందంగా ఉన్నా తరువాతి మెట్టుకు దారి చూపదు.

తల్లి, తండ్రి ఒకే సమయంలో పూయకపోతే తండ్రి కేసరాలను కాగితపు కవరులో ఆరబెట్టి రిఫ్రిజిరేటరులో కొద్ది వారాలు దాచుకోవచ్చు.

ఈ పని మన రైతులకు కొత్త కాదు. ప్రపంచంలో మొట్టమొదటిసారిగా వాణిజ్య స్థాయిలో సంకర ప్రత్తి 1970లో గుజరాత్‌లోని సూరత్ పరిశోధనా కేంద్రం నుండి వెలువడింది. గద్వాల, నంద్యాల ప్రాంతాలలోని విత్తన ప్రత్తి పొలాలలో సాయంత్రం మొగ్గల నుండి కేసరాలను గోటితో తొలగించి, మరునాటి ఉదయం వేరొక రకం పువ్వు పుప్పొడిని అద్దుతారు. అక్కడ అది ఎకరాల మీద సాగే జీవనాధారం, ఇక్కడ నాలుగు పూల మీద సాగే వ్యాసంగం. రెంటిలోను శాస్త్రం మాత్రం ఒక్కటే.

కాయ నుండి పువ్వు దాకా

వారం పది రోజులలో పువ్వు వాడిపోతుంది. దాని క్రింది అండాశయం పచ్చగా ఉండి ఉబ్బుతుంటే సంకరణం ఫలించినట్లు. అన్నీ ఫలించవు. వానలు, ఎండలు అడ్డుపడవచ్చు. అందుకే ఒకే జంటను నాలుగైదు పూల మీద ప్రయత్నించాలి. ఎనిమిది నుండి పది వారాలలో కాయ ముదిరి, కొన గోధుమ రంగుకు తిరిగి పగలనారంభిస్తుంది. అప్పుడు కోయాలి. ఒక కాయలో నాలుగైదు గింజలే ఉండవచ్చు, యాభై కూడా ఉండవచ్చు. అవి మిరియాల కంటే కాస్త పెద్దవిగా ముడుతలు పడి ఉంటాయి.

ఈ గింజలకు తడితో కూడిన చలి కావాలి. అది లేనిదే మొలకను అడ్డుకునే గుణం వదలదు. అక్టోబరు, నవంబరు నెలలలో అరంగుళం లోతున కుండీలలో విత్తి, ఉడుతలు తవ్వకుండా పైన వల కప్పి, చలికాలమంతా ఆరుబయటే వదిలివేయాలి. మార్చి, ఏప్రిల్ నెలలలో మొలకలు వస్తాయి. కొన్ని గింజలు మరుసటి వసంతం దాకా ఆగి మొలుస్తాయి కనుక కుండీని తొందరపడి ఖాళీ చేయరాదు. మూడు నాలుగు అంగుళాల ఎత్తుకు వచ్చిన నారును అడుగు దూరాన వరుసలలో నాటుకోవాలి. బాగా పెరిగిన నారు మరుసటి మే నెలలోనే పూస్తుంది. అంటే సంకరణం చేసిన రెండేళ్ళకు. మిగిలినవి ఇంకొక ఏడాది తీసుకుంటాయి.

మొదటి తరం దాచినది

ఇక అసలు విషయానికి వద్దాం. ఐరిస్ రంగులకు మూలం రెండు తరగతుల వర్ణకాలు. కణరసంలో కరిగి ఉండే ఆంథోసయనిన్లు నీలం, ఊదా రంగులను ఇస్తాయి. కణాలలోని సూక్ష్మమైన సంచులలో ఉండే కెరోటినాయిడ్లు పసుపు, నారింజ, గులాబి రంగులను ఇస్తాయి. గులాబి రంగు ఐరిస్‌లోను, కాషాయపు గడ్డంలోను ఉండేది లైకోపీన్, అంటే టమాటాను ఎర్రగా చేసే పదార్థమే. ఎర్రటి ఎరుపుకు అవసరమైన పెలార్గొనిడిన్ అనే వర్ణకం ఐరిస్‌లో లేదు. అందుకే గులాబి పువ్వు ఎరుపు గల ఐరిస్‌ను సంకరణం ద్వారా ఇంతవరకు ఎవరూ సాధించలేకపోయారు.

ఐరిస్ ప్రియులు ఎంతోకాలం వెంటబడిన లక్ష్యాలలో కాషాయపు గడ్డం గల నీలం పువ్వు ఒకటి. ఉదాహరణకు దానినే తీసుకుందాం. తల్లి తెల్లగడ్డం గల నీలం ఐరిస్. తండ్రి కాషాయపు గడ్డం గల గులాబి ఐరిస్. కాషాయపు గడ్డం అంతర్గత లక్షణం. దాని జన్యువు పూర్తి సంఖ్యలో ఉంటేనే తప్ప బయటపడదు.

మనుషులలో ప్రతి జన్యువుకు రెండు ప్రతులుంటాయి. 48 క్రోమోజోముల ఐరిస్‌లో నాలుగేసి ఉంటాయి. మామూలు గడ్డపు ప్రతిని "మ" అని, కాషాయపు గడ్డపు ప్రతిని "క" అని పిలుద్దాం. తల్లిలో మమమమ, తండ్రిలో కకకక ఉన్నాయనుకుందాం. సంతానానికి ఒక్కొక్కరి నుండి రెండేసి ప్రతులు చేరుతాయి కనుక పిల్లలందరూ మమకక అవుతారు. ఒక్కరికీ కాషాయపు గడ్డం రాదు. రెండేళ్ళు ఎదురుచూసిన మనిషికి ఇది పెద్ద ఆశాభంగం. అయితే "క" ఎక్కడికీ పోలేదు. ప్రతి పిల్లలోను రెండేసి దాగి ఉన్నాయి.

ఇప్పుడు ఈ అన్నదమ్ములనే పరస్పరం కలిపామనుకోండి. ఒక్కొక్క మొక్క తన నాలుగు ప్రతులలో రెండింటిని ముందుకు పంపాలి. నాలుగింటిలో రెండింటిని ఎన్నుకోవడానికి ఆరు మార్గాలున్నాయి. ఒక మార్గంలో మమ, నాలుగు మార్గాలలో మక, ఒక మార్గంలో కక వస్తాయి. కాషాయపు గడ్డం రావాలంటే రెండు వైపుల నుండి కక రావాలి. ఆరింట ఒకటిని ఆరింట ఒకటితో హెచ్చిస్తే ముప్పై ఆరింట ఒకటి. మెండెల్ బఠానీలలో ఈ నిష్పత్తి నాలుగింట ఒకటి మాత్రమే. బఠానీ లెక్క నమ్ముకుని పది పన్నెండు ఐరిస్ మొక్కలు పెంచినవారికి నిరాశ ఎదురవడంలో వింత లేదు.

పెరడు చిన్నదైనవారికి ఇంతకంటే సులువైన దారి ఉంది. మమకక పిల్లను తిరిగి కాషాయపు గడ్డపు తండ్రితో కలపాలి. తండ్రి ఎప్పుడూ కక మాత్రమే ఇస్తాడు. కనుక అవకాశం ఆరింట ఒకటికి పెరుగుతుంది. ముప్పై ఆరు మొక్కలు పెంచితే ఒకటికి బదులు సగటున ఆరు దొరుకుతాయి. వాటిలో రేకులు నీలంగా ఉన్నవి ఎన్ని అన్నది వేరే జన్యువుల మీద ఆధారపడుతుంది. కాని ఏరుకోవడానికంటూ కొన్ని చేతిలో ఉంటాయి.

ఈ లెక్కను పిల్లలకు పేకముక్కలతో చూపించవచ్చు. రెండు ఎర్రవి, రెండు నల్లవి కలిపి, చూడకుండా రెండింటిని తీయమనాలి. రెండూ ఎర్రవి రావడం ఆరింట ఒకసారి జరుగుతుంది. అరవై సార్లు తీసి వ్రాసుకుంటే పదికి అటూ ఇటూగా వస్తుంది. కిండర్‌గార్టెన్ చదివే పాపతో మొదటి సంకరణం చేయిస్తే, అన్నీ కలిసివచ్చినపక్షంలో, రెండవ తరం పువ్వు ఆమె నాలుగవ తరగతి ముగిసేనాటికి విచ్చుకుంటుంది. బడిలో సైన్స్ ఫెయిర్‌కు ఇంతకు మించిన ప్రదర్శన మరొకటి ఉండదు.

ప్రొజెనిటర్ కథ

దాగి ఉన్న గుణానికి విలువ కట్టడం తెలిసినవారిలో ఇండియానా రాష్ట్రానికి చెందిన పాల్ కుక్‌ను ముఖ్యంగా చెప్పుకోవాలి. పై రేకులు తెలుపు, వాలు రేకులు నీలంగా ఉండే ఐరిస్‌లు అప్పటికే ఉన్నాయి. కాని ఆ పాత వంశాలలో ఈ రంగుల కలయిక అంతర్గత లక్షణం కావడంతో ముందుకు సాగడం కష్టమయ్యేది. కుక్ బాల్కన్ ప్రాంతపు చిన్న జాతి అయిన రైకెన్‌బాకి సంతతిని "షైనింగ్ వాటర్స్" అనే నీలం ఐరిస్‌తో కలిపాడు. వచ్చిన మొక్కలలో ఒకదాని పువ్వు చిన్నది, చెప్పుకోదగ్గ అందం లేనిది. పూల ప్రదర్శనకు పెడితే ఎవరూ రెండవసారి చూడరు. అయితే దాని పై రేకులు లేత రంగులోను, వాలు రేకులు ముదురు రంగులోను ఉన్నాయి.

కుక్ దానిని పారవేయలేదు. పై రేకుల రంగును అణచివేసే ఆ గుణం బహిర్గత లక్షణమని, అంటే సంతానంలో సులభంగా బయటపడేదని గ్రహించాడు. 1951లో దానికి "ప్రొజెనిటర్" అని పేరు పెట్టాడు. వంశకర్త అని ఆ మాటకు అర్థం. దానిని మేలురకం ఐరిస్‌లతో కలుపుతూ తరాలు నడపగా తెలుపు, నీలం రంగుల "హోల్ క్లాత్" వచ్చింది. అది 1962లో డైక్స్ పతకం గెలుచుకుంది. నేటి రెండు రంగుల ఐరిస్‌లలో చాలావాటి వంశవృక్షాన్ని వెనక్కి చదివితే ఆ సాదా పువ్వు దగ్గరకు చేరుతాం.

ఏది ఉంచాలి, ఏది తీయాలి

నూరు మొక్కలు పూస్తే అన్నిటినీ ఉంచుకోవడానికి ఏ పెరడూ చాలదు. ఏరివేయడం తప్పదు. అందులో క్రమం పాటించాలి. ముందుగా ఆరోగ్యం చూడాలి. తెగుళ్ళకు లొంగేది, చలికి నిలవనిది ఎంత అందమైనదైనా తీసివేయవలసిందే. తరువాత కాడ చూడాలి. ఊతం లేకుండా నిలవాలి. కొమ్మలు ఎడంగా ఉండి, కాడకు ఏడు మొగ్గలైనా రావాలి. అన్నీ ఒక్కసారి విచ్చుకుంటే మూడు రోజుల్లో ముచ్చట తీరిపోతుంది. ఒకటొకటిగా విచ్చుకుంటే రెండు వారాల పండుగ. ఆ తరువాతే రంగు, రేకుల ఒంపు, సువాసన చూడాలి.

వీటితోబాటు నోటు పుస్తకం కూడా తెరిచి చూడాలి. చూపుకు సాదాగా ఉన్నా, మనకు కావలసిన గుణం వంశంలో ఉన్న మొక్కను కనీసం ఒక తరం వరకు ఉంచుకోవాలి. అందం కోసం ఉంచేవి కొన్ని, వంశం కోసం ఉంచేవి కొన్ని అని రెండు వరుసలు చేసుకుంటే పొరపాటు జరగదు.

నిజంగా కొత్తదనం ఉన్న రకం దొరికితే దానికి పేరు నమోదు చేయించవచ్చు. 1920లో ఏర్పడిన అమెరికన్ ఐరిస్ సొసైటీ దుంపజాతివి కాని ఐరిస్‌లన్నిటికీ అంతర్జాతీయ నమోదు సంస్థగా వ్యవహరిస్తున్నది. తల్లిదండ్రుల పేర్లు, పువ్వు వర్ణన ఇవ్వవలసి ఉంటుంది. నమోదైన పేరును మరొక ఐరిస్‌కు పెట్టడం కుదరదు. తెలుగు పేరును రోమన్ లిపిలో వ్రాసి ఇవ్వడానికి అభ్యంతరం లేదు. నమోదు చేయించాలని అనుకోకముందు అనేక రకాలను ఒకచోట చూడడం మంచిది. న్యూజెర్సీలో ఉన్నవారికి అప్పర్ మాంట్‌క్లేర్‌లో 1927లో నెలకొల్పిన ప్రెస్బీ స్మారక ఐరిస్ ఉద్యానం అందుబాటులో ఉంది. మే నెల మధ్య నుండి జూన్ మొదటి వారం వరకు అక్కడ పూల తిరునాళ్ళే.

మొక్కల లెక్కలను మనుషులకు అన్వయించడం శాస్త్రసమ్మతం కాదు. భాష, సంస్కారం క్రోమోజోములలో చేరి రావు. అవి నేర్పితేనే వచ్చేవి. అయినా రెండవ తరం గురించి బెంగపడే మనబోటివారికి ఐరిస్ మడి ముందు నిలబడినప్పుడు ఒక సంగతి తోచక మానదు. పైకి కనిపించనంత మాత్రాన లేదని తీర్పు చెప్పరాదు.

ఇంకొక ఆచరణయోగ్యమైన మాట. మన సంఘాల వేసవి వనభోజనాలు జరిగే జూలై, ఆగస్టు నెలలే ఐరిస్ గుబుర్లను విడదీసి నాటడానికి తగిన కాలం. మీ మడిలో మిగిలిన కొమ్ములకు పేరు చీటీ కట్టి వనభోజనానికి తెచ్చి పంచండి. అందుకున్నవారు తల్లి పేరు, తండ్రి పేరు తమ పుస్తకంలో వ్రాసుకుంటే, రాబోయే మే నెలల్లో ఎవరి పెరటిలో ఏ కొత్త రంగు విచ్చుకున్నా దాని వంశం అందరికీ తెలిసి ఉంటుంది.